సూపర్ బౌల్‌ని చలి ఊళ్లకు ఎందుకు ఇవ్వరు?

చికాగోలో ఉద్యోగం చేస్తున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ని ఫిబ్రవరిలో పెడతారు. గ్రీన్ బే, చికాగో, బఫెలో లాంటి ఊళ్లలో జనం ఈ ఆటంటే ప్రాణం పెడతారు. అయినా ఫైనల్ మాత్రం ఎప్పుడు చూసినా మయామి, న్యూ ఆర్లియన్స్, కాలిఫోర్నియాలోనే. దీనికి చలే కారణమా, లేక డబ్బా? మా చికాగోకి ఎప్పటికైనా వస్తుందా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. చలి ఊరికి ఇవ్వకూడదన్న నిషేధం ఏమీ లేదు. కప్పు ఉన్న స్టేడియం, గంట ప్రయాణంలో సరిపడా మంచి హోటల్ గదులు, పెద్ద విమానాశ్రయం ఉంటే చలి ఊరికీ ఇస్తారు, ఇచ్చారు కూడా. కాకపోతే ఈ మూడూ ఒకచోట కుదిరిన చలి ఊళ్లు చాలా తక్కువ. 2026 ఫిబ్రవరిలో శాంటా క్లారాలో జరిగినదానితో కలిపి ఇప్పటికి 60 సూపర్ బౌల్స్ అయ్యాయి. అందులో గట్టి చలి ప్రాంతాలకు దక్కినవి 6: పాంటియాక్ (1982), మినియాపొలిస్ (1992, 2018), డెట్రాయిట్ (2006), ఇండియానాపొలిస్ (2012), న్యూజెర్సీ (2014). మయామి ప్రాంతానికి 11, న్యూ ఆర్లియన్స్‌కి 11, లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి 8 వచ్చాయి.

నేనుండేది డల్లాస్ దగ్గర. పెద్ద ఈవెంట్లకు బస్సులు, హోటల్ గదులు కుదిర్చే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కాబట్టి ఆట గురించి కాకుండా, ఆట చుట్టూ ఉండే ఏర్పాట్ల వైపు నుంచే మాట్లాడతాను. అక్కడి నుంచి చూస్తే మీ ప్రశ్నకు నా జవాబు కొంచెం వేరుగా ఉంటుంది: ఊరు ఎంత చలిగా ఉంటుందన్నది రెండో విషయం. మంచు పడితే ఆ ఊరు ఏం చేస్తుందన్నది మొదటి విషయం.

ఆటకు చలి అడ్డు కాదు

ఈ ఆటను నడిపే లీగ్‌కి (ఎన్‌ఎఫ్‌ఎల్) చలి కొత్తేమీ కాదు. సూపర్ బౌల్ రాకముందు ఛాంపియన్‌షిప్ ఆటను ఫైనల్‌కి చేరిన రెండు జట్లలో ఒకరి సొంత మైదానంలోనే పెట్టేవారు. 1932లో మీ చికాగోలోనే చలి, మంచు భరించలేక ఆటను తీసుకెళ్లి చికాగో స్టేడియం అనే ఇండోర్ హాలులో పెట్టారు. లోపల చోటు చాలక 80 గజాల మైదానం మీద, సర్కస్ వాళ్లు వదిలి వెళ్లిన మట్టిలో ఆడారు. చికాగో జట్టు బేర్స్ 9-0తో గెలిచారు.

అందరూ చెప్పుకునేది మాత్రం 1967 డిసెంబర్ 31న గ్రీన్ బేలో జరిగిన 'ఐస్ బౌల్'. ఉష్ణోగ్రత మైనస్ 25 సెల్సియస్. మైదానం కింద వేసిన హీటింగ్ పనిచేయలేదు, నేల గడ్డకట్టింది. రిఫరీల ఈలలు కూడా పనికిరాకపోవడంతో కేకలు వేసి ఆట నడిపించారు. అయినా ఆట చివరిదాకా సాగింది, గ్రీన్ బే జట్టు ప్యాకర్స్ 21-17తో డల్లాస్ జట్టు కౌబాయ్స్‌ని ఓడించారు. అదే జట్టు రెండు వారాల తర్వాత మయామిలో రెండో సూపర్ బౌల్ ఆడింది. ఇవాళ్టికీ జనవరి ప్లేఆఫ్స్ (ఫైనల్‌కి ముందు జరిగే నాకౌట్ ఆటలు) సొంత మైదానాల్లోనే జరుగుతాయి. 2008 జనవరిలో గ్రీన్ బేలోనే మైనస్ 18లో ప్యాకర్స్, జెయింట్స్ తలపడ్డారు. ఎవరూ ఆట ఆపమనలేదు.

మరి ఫైనల్‌కే ఎందుకీ జాగ్రత్త? సెమీఫైనల్ చూసేవాళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లు. వాళ్ల దగ్గర బూట్లు, కోట్లు, కారులో మంచు గీకే పార, అన్నీ ఉంటాయి. ఆట అవగానే ఇంటికి పోతారు. ఫైనల్‌కి వచ్చేవాళ్లు అలా కాదు. స్పాన్సర్ల అతిథులు, మీడియా, రెండు జట్ల అభిమానులు, వాళ్ల కుటుంబాలు వారం ముందు నుంచి దిగుతారు. పెళ్లిలో ముహూర్తం గంటసేపే, తిప్పలన్నీ విడిదిలో. లీగ్ ఊరిని ఎంచుకునేది ఆ విడిది కోసమే.

50 డిగ్రీల నియమం, దానిలో లోపం

చాలాకాలం లీగ్ పెట్టుకున్న షరతు ఇది: కప్పు లేని స్టేడియమైతే ఆ ప్రాంతపు ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ ఉండాలి. కప్పు ఉంటే ఈ లెక్క లేదు. దాంతోపాటు 70 వేల సీట్లు, స్టేడియం సామర్థ్యంలో 35 శాతానికి తగ్గకుండా గంట దూరంలో హోటల్ గదులు, రెండు మంచి ప్రాక్టీస్ మైదానాలు. సీట్ల విషయంలో అంత పట్టుదల లేదులెండి. 2024లో లాస్ వేగాస్‌లో ఆట చూసినవాళ్లు 62 వేల లోపే. హోటళ్లు, విమానాశ్రయం బాగుంటే సీట్లు తగ్గినా సర్దుకుంటారు.

నాకు నచ్చనిది ఆ సగటు లెక్క. సగటు బాగున్న ఊరే ఒక్క మంచు తుఫానుకి చేతులెత్తేస్తుంది. 2000 జనవరిలో అట్లాంటాలో ఆట జార్జియా డోమ్ కప్పు కింద హాయిగా జరిగింది కానీ, బయట రోడ్లు ఐసుతో జారుడు బల్లలయ్యాయి. ఆ తర్వాత అట్లాంటాకి మళ్లీ సూపర్ బౌల్ రావడానికి 19 ఏళ్లు పట్టింది.

ఇక 2011, మా ఊరి కథ. స్టేడియం డల్లాస్ పక్కనున్న ఆర్లింగ్‌టన్‌లో, రెండేళ్ల కిందే కట్టింది, కప్పు ఉంది. ఆట ఫిబ్రవరి 6, ఆదివారం. మంగళవారం పొద్దున ఐస్ తుఫాను వచ్చింది. బుధవారం టెక్సాస్ అంతటా వంతులవారీగా కరెంటు కోతలు. శుక్రవారం మళ్లీ మంచు. ఆ రోజే స్టేడియం కప్పు మీద పేరుకున్న ఐసు పలకలుగా జారి కింద పనిచేస్తున్నవాళ్ల మీద పడింది, అరడజను మంది గాయపడ్డారు. డల్లాస్ విమానాశ్రయంలో వందల ఫ్లైట్లు రద్దయ్యాయి.

ఆ వారం ఒక కంపెనీ అతిథుల బస్సులు చూసే పనిలో ఉన్నాను. మైనస్ 10 దాకా చలి పెద్ద సమస్య కాదు, బస్సులో హీటర్ ఉంటుంది. సమస్యంతా ఫ్లైఓవర్లు. డల్లాస్‌లో ఏ హైవే మారాలన్నా ఎత్తైన ర్యాంపు ఎక్కాలి. వంతెన కింద కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి నేల మీది రోడ్డు కంటే ముందు అదే గడ్డకడుతుంది. మినియాపొలిస్ ఉన్న మినెసోటా రాష్ట్రంలో అయితే తుఫాను రాకముందే రోడ్డు మీద ఉప్పునీళ్లు చల్లుతారు, వచ్చాక వరసగా మంచు తోసే బళ్లు, ప్లౌలు దిగుతాయి. మాకు అప్పట్లో అన్ని ప్లౌలూ లేవు, ఇసుక చల్లడంతోనే సరిపెట్టారు. ఐసు మీద బస్సు నడిపిన అనుభవం ఇక్కడి డ్రైవర్లలో చాలామందికి లేదు. మేం మాట్లాడుకున్న ఒక బస్సు కంపెనీ అయితే బుధవారం బస్సులు బయటికి తీయనని ఫోన్ పెట్టేసింది. తప్పు పట్టలేకపోయాను.

బయటివాళ్లకు తెలియని ఇంకో లెక్క ఉంది. అమెరికాలో ప్రయాణికుల బస్సు డ్రైవరు 10 గంటలకు మించి నడపకూడదు. డ్యూటీలో ఉన్న సమయం మొత్తం 15 గంటలు దాటితే ఇక స్టీరింగ్ పట్టకూడదు. ఆ తర్వాత 8 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. 40 నిమిషాల దారి ఐసు వల్ల 3 గంటలైతే, సాయంత్రానికి బస్సు ఉంటుంది, డ్రైవరు ఉండడు. ఊహించని వాతావరణానికి 2 గంటల సడలింపు ఉంది గానీ, ముందే హెచ్చరిక వచ్చిన మంచుకు అది వర్తించదు. అంటే చలి వారంలో ప్రతి బస్సుకీ ఇద్దరు డ్రైవర్లను పెట్టుకోవాలి, ఇద్దరికీ హోటల్ గదులు ఇవ్వాలి. అప్పటికే ఊళ్లో గదులు దొరకవు! ఊరి ఎంపికలో గదుల సంఖ్య మీద అంత పట్టు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

ఆర్లింగ్‌టన్‌లో ఆదివారం నాటికి వాతావరణం బాగుపడింది. లక్షా 3 వేల మందికి పైగా వచ్చారు. కానీ తాత్కాలికంగా వేసిన సీట్లలో కొన్నిటికి భద్రతా అనుమతి రాక, 1,250 మంది టికెట్లున్నా తమ సీట్లలో కూర్చోలేకపోయారు. అందులో 400 మందికి వేరే సీటూ దొరకలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా మాకు మళ్లీ సూపర్ బౌల్ ఇవ్వలేదు. 2028 వరకూ ప్రకటించిన ఊళ్లలోనూ మేం లేము. ఇంత పెద్ద స్టేడియం, ఇంత పెద్ద విమానాశ్రయం ఉండి కూడా!

చలి తెలిసిన ఊరు ఎలా చేసింది

దీనికి పూర్తిగా ఎదురు కేసు 2018 మినియాపొలిస్. ఆట రోజు బయట మైనస్ 17. ఆట మొదలయ్యే వేళ బయటి చలి లెక్కేస్తే సూపర్ బౌల్స్ అన్నిట్లో చల్లనిది అదే. కానీ ఆ వారం గురించి చెప్పుకోవడానికి గొప్ప కష్టాలేవీ లేవు.

కారణం ఆ ఊరు చలిని దృష్టిలో పెట్టుకునే కట్టుకున్న ఊరు. డౌన్‌టౌన్‌లో భవనాల రెండో అంతస్తులను కలుపుతూ మైళ్ల పొడవున గాజు వంతెనలుంటాయి, స్కైవేలు అంటారు. హోటల్ నుంచి రెస్టారెంట్‌కి కోటు లేకుండా నడిచిపోవచ్చు. మీడియాకి మాల్ ఆఫ్ అమెరికాలో చోటిచ్చారు, రెండు జట్ల హోటళ్లూ అక్కడే. విమానాశ్రయం పక్కనే. ఆట రోజున లైట్ రైలు కేవలం టికెట్లున్నవాళ్లకే నడిపారు. స్థానికులు గొణిగారు, అది వేరే సంగతి.

చిన్న విషయమే గానీ చెప్పాలి. మామూలు డీజిల్‌లో మైనం ఉంటుంది, గట్టి చలికి అది పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. మినెసోటా బస్సు డిపోల్లో చలికాలపు డీజిల్ వాడకం, రాత్రంతా ఇంజిన్ హీటర్‌కి ప్లగ్ పెట్టి ఉంచడం మామూలే. దక్షిణాది నుంచి అద్దెకు తెచ్చిన బస్సుని నేరుగా అక్కడికి పంపితే పొద్దున్నే స్టార్ట్ కాదు. విమానాలదీ ఇదే లెక్క. రెక్కల మీది ఐసు కరిగించే ట్రక్కులు ఉత్తరాదిలో బారులు తీరి ఉంటాయి, దక్షిణాది విమానాశ్రయాల్లో కొన్నే ఉంటాయి.

కప్పు లేకుండా ఒకే ఒక్కసారి సాహసించారు

2014 న్యూజెర్సీ. కొత్తగా కట్టిన మెట్‌లైఫ్ స్టేడియానికి కప్పు లేదు. 2010 మేలో జట్ల యజమానులు 50 డిగ్రీల నియమాన్ని పక్కనపెట్టి ఓటు వేశారు. అది కూడా నాలుగో రౌండ్‌కి గానీ తేలలేదు. మంచు పడితే ఆటను శుక్ర, శని, సోమవారాల్లో ఒకరోజుకి జరపడానికి కూడా ప్లాన్ సిద్ధం చేసుకున్నారు.

ఆట వేళకి 9 సెల్సియస్, హాయిగా ఉంది. కప్పు లేని మైదానాల్లో అంతకంటే చల్లగా జరిగిన సూపర్ బౌల్ ఏ ఊరిదో తెలుసా? న్యూ ఆర్లియన్స్‌ది! 1972లో, అక్కడ కప్పు ఉన్న సూపర్‌డోమ్ స్టేడియం కట్టకముందు, 4 డిగ్రీల్లో ఆడారు.

న్యూజెర్సీలో తిప్పలు వేరేచోట వచ్చాయి. భద్రత పేరుతో పార్కింగ్ బాగా తగ్గించి జనాన్ని రైలెక్కమన్నారు. ఆట అయ్యాక అంచనాకి రెట్టింపు మంది, సుమారు 33 వేల మంది రైలు కోసం వచ్చారు. అంతకుముందు ఆటకు వెళ్లేటప్పుడే, చలికని వేసుకున్న కోట్లతో రైలు మారే సెకాకస్ స్టేషన్‌లో ఇరుక్కుని ఉక్కపోతకు సొమ్మసిల్లినవాళ్లున్నారు. మర్నాడు పొద్దున మంచు తుఫాను దిగింది, విమానాలు రద్దయ్యాయి. ఒక రోజు ముందు వచ్చుంటే ఆ సూపర్ బౌల్ గురించి ఇవాళ ఇంకోలా చెప్పుకునేవాళ్లం. అదృష్టం మీద ఆధారపడే ప్లాన్‌ని లీగ్ రెండోసారి ఎంచుకోలేదు. అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం.

ఇక డబ్బు సంగతి

మీరు అడిగిన రెండో కారణం ఇది. అది కూడా ఉంది, గట్టిగానే ఉంది. పైన చెప్పిన చలి ఊళ్ల జాబితా మళ్లీ చూడండి. డెట్రాయిట్ స్టేడియం 2002లో తెరిచారు, 2006లో ఆట. ఇండియానాపొలిస్ 2008, 2012. మినియాపొలిస్ 2016, 2018. ప్రజాధనంతో కొత్త స్టేడియం కట్టండి, ఒక సూపర్ బౌల్ ఇస్తాం అన్నది రాసుకోని ఒప్పందం. కాన్సాస్ సిటీ విషయంలో అయితే దాచుకోకుండా చెప్పారు: కదిలే కప్పు వేస్తే 2015 ఆట మీదే అన్నారు. 2006లో కౌంటీ ఓటర్లు స్టేడియం మరమ్మతులకు సరేనని, కప్పుకి మాత్రం వద్దన్నారు. ఆట అరిజోనాకి పోయింది.

ఆతిథ్యం ఇచ్చే ఊరు నుంచి లీగ్ ఏమేం అడుగుతుందో 2014లో మినియాపొలిస్ పత్రిక బయటపెట్టిన 153 పేజీల పత్రంలో ఉంది. 35 వేల పార్కింగ్ చోట్లు ఉచితంగా, యజమానులకు పోలీసు ఎస్కార్ట్, గోల్ఫ్ కోర్సులు, బౌలింగ్ సెంటర్లు, హోర్డింగులు. టికెట్ల డబ్బంతా లీగ్‌దే. ఊరికి మిగిలేది హోటళ్ల ఆదాయం, టీవీలో పేరు. మయామికి ఫిబ్రవరి ఎలాగూ సీజనే, సూపర్ బౌల్ లేకపోయినా గదులు నిండుతాయి. అదే ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌కి ఊరికే ఎవరొస్తారు? ఆర్థికంగా చూస్తే ఆట నిజంగా కలిసొచ్చేది చలి ఊరికే. ఇచ్చేవాళ్ల లెక్క మాత్రం వేరు.

ఎంపిక పద్ధతి కూడా మారింది. పాతరోజుల్లో ఊళ్లు పోటీపడి బిడ్లు వేసేవి, 32 మంది యజమానులు రహస్య ఓటింగ్‌లో తేల్చేవారు. దాదాపు 2018 నుంచి లీగే ఒక ఊరిని పిలిచి, వివరాలన్నీ మాట్లాడుకుని, యజమానుల ముందు ఆమోదానికి పెడుతోంది. దీనివల్ల ఓడిపోయే బిడ్ కోసం ఊళ్లు డబ్బు తగలేయడం తగ్గింది. కొత్త ఊళ్లకి తలుపు కొంచెం మూసుకుంది కూడా.

మంచు లేని ఊళ్లలో అన్నీ సవ్యంగా జరుగుతాయనీ అనుకోకండి. 2005లో జాక్సన్‌విల్‌లో గదులు చాలక క్రూయిజ్ ఓడలు తెచ్చి నిలబెట్టారు. 2007లో మయామిలో ఆట అంతసేపూ వాన. 2013లో న్యూ ఆర్లియన్స్‌లో కరెంటు పోయి ఆట 34 నిమిషాలు ఆగింది. లాస్ ఏంజెలెస్‌లో వానలకి స్టేడియం కట్టడం ఆలస్యమై 2021 ఆట టాంపాకి మారింది. 2024 ఆట న్యూ ఆర్లియన్స్‌కి ఇచ్చాక సీజన్ 17 ఆటలకు పెరిగి ఫైనల్ ఒక వారం వెనక్కి జరిగింది, అది వెళ్లి మార్డి గ్రా పండగ మీద పడింది. రెండు జాతరలు ఒకేసారి చేయలేమని 2025కి మార్చుకున్నారు.

మీ చికాగో సంగతి

ఇప్పుడున్న సోల్జర్ ఫీల్డ్‌లో రాదు. కప్పు లేదు, లీగ్‌లో బాగా తక్కువ సీట్లున్న స్టేడియాల్లో అదొకటి. కానీ బేర్స్ కప్పు ఉన్న స్టేడియం కట్టుకోవాలని చాలాకాలంగా చూస్తున్నారు. అది నిజంగా కడితే, తెరిచిన కొన్నేళ్లకే చికాగోకి ఒక సూపర్ బౌల్ ఖాయమని నేననుకుంటాను. హోటళ్లు, ఓ'హేర్ విమానాశ్రయం, మెట్రా రైళ్లు, మంచు తీసే యంత్రాంగం, అన్నీ ఉన్నాయి. ఆ విషయంలో మా డల్లాస్ కంటే మీరే మేలు.

గ్రీన్ బేకి రాదు. 81 వేల సీట్లున్నా, లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊళ్లో అన్ని గదులు లేవు. 2025 ఏప్రిల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 'డ్రాఫ్ట్' అక్కడ పెట్టారు, అది ఆ ఊరికి నప్పే పండగ. బఫెలో కొత్త స్టేడియాన్ని కూడా కప్పు లేకుండానే కట్టుకున్నారు, 62 వేల సీట్లతో. అంటే సూపర్ బౌల్ మాకొద్దు, మా మంచులో మా ఆట మాకు చాలు అని వాళ్లే తేల్చుకున్నట్టు లెక్క. నాకది నచ్చింది.

చివరగా, ఎప్పుడైనా చలి ఊళ్లో సూపర్ బౌల్‌కి వెళ్లే అవకాశం వస్తే సోమవారం తిరుగు టికెట్ తీసుకోకండి. ఆదివారం రాత్రి ఆట అయ్యాక వేలమంది, వందల ప్రైవేటు జెట్లు ఒకేసారి బయల్దేరతాయి. ప్రతి విమానానికీ ఐసు కరిగించాలి. కొంచెం మంచు పడినా మొదట రద్దయ్యేది చిన్న ఊళ్లకు వెళ్లే ఫ్లైట్లే. మంగళవారం మధ్యాహ్నానికి తీసుకోండి, సోమవారం హోటల్ ధర కూడా తగ్గి ఉండొచ్చు.